లాగోస్‌లో ఎబోలా, 2014: తరచుగా అడిగే ప్రశ్నలు

2014 జులై 20న లైబీరియా నుంచి వచ్చిన ఒక రోగి లాగోస్‌లో విమానం దిగాడు. సరిగ్గా మూడు నెలలకు, అక్టోబర్ 20న, నైజీరియాలో ఎబోలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఈ మధ్యలో జబ్బుపడింది 20 మంది, చనిపోయింది 8 మంది. అప్పట్లో అదే పశ్చిమాఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో వేలమంది పిట్టల్లా రాలిపోతున్నారు. కోవిడ్ వచ్చాక కాంటాక్ట్ ట్రేసింగ్ అనే మాట మనందరి నోళ్లలో నలిగింది. కానీ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా పట్టు సడలకుండా చేస్తే అది ఎలా ఉంటుందో తెలియాలంటే లాగోస్ కథ చదవాలి. ఈ విషయం ఎత్తినప్పుడల్లా జనం అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఎబోలా ఎలా అంటుకుంటుంది? గాలిలో వస్తుందా?

గాలిలో రాదు. రోగి రక్తం, వాంతి, విరేచనం, చెమట లాంటివి మన ఒంటికి తగిలి, చర్మం మీదున్న గాయం నుంచో, కంటి, నోటి పొరల నుంచో లోపలికి పోతేనే సోకుతుంది. వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది. లక్షణాలు మొదలుకాకముందు ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటదు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. లాగోస్‌లో చేసిన పనంతా దీని మీదే నిలబడింది. జ్వరం తగిలిన రోజే మనిషిని పట్టుకోగలిగితే గొలుసు అక్కడితో తెగుతుంది. కోవిడ్‌లో ఈ వెసులుబాటు లేదు. ఏ లక్షణమూ లేనివాళ్లు కూడా అంటించారు. ఎబోలా దానికంటే ఎన్నో రెట్లు ప్రాణాంతకం అయినా, వెతికి పట్టుకోవడానికి దొరుకుతుంది. చావుకు దగ్గరైనకొద్దీ రోగి ఒంట్లో వైరస్ పెరిగిపోతుంది. అందుకే పక్కన కూర్చుని సేవ చేసినవాళ్లకూ, శవానికి స్నానం చేయించినవాళ్లకూ ప్రమాదం ఎక్కువ.

లాగోస్‌కి ఎలా చేరింది?

పాట్రిక్ సాయర్ లైబీరియా మూలాలున్న అమెరికన్. లైబీరియా ప్రభుత్వ పని మీద నైజీరియాలోని కాలబార్‌లో పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ సమావేశానికి బయల్దేరాడు. అప్పటికి రెండు వారాల కిందటే ఆయన సోదరి ఎబోలాతో చనిపోయింది. మన్రోవియాలో విమానం ఎక్కి, టోగో రాజధాని లోమే మీదుగా లాగోస్ చేరాడు. దారిలోనే వాంతులు. విమానాశ్రయంలో కుప్పకూలాడు.

ఆ జులైలో ప్రభుత్వ ఆసుపత్రుల డాక్టర్లు సమ్మెలో ఉన్నారు. అందుకని ఆయన్ని ఒబలెండే ప్రాంతంలో ఉన్న ఫస్ట్ కన్సల్టెంట్స్ అనే ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. సమ్మె లేకపోతే కిటకిటలాడే ఏ పెద్దాసుపత్రి వార్డులోనో పడుకోబెట్టేవాళ్లు. అదే జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. లాగోస్ జనాభా అప్పటికే 2 కోట్లు దాటిందని లెక్క.

డాక్టర్ అమెయో స్టెల్లా అడడెవో ఏం చేశారు?

రోగిని వదిలిపెట్టలేదు.

ఆదివారం రాత్రి చేరిన సాయర్‌ని మలేరియా అనుకుని చూశారు. లాగోస్‌లో జ్వరంతో వచ్చినవాళ్లకి ముందు అదే అనుకోవడం సహజం. ఎబోలా రోగుల దగ్గరికి వెళ్లలేదని ఆయన చెప్పాడు. మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన సీనియర్ ఫిజీషియన్ అడడెవోకి అనుమానం వచ్చింది. లైబీరియా నుంచి వచ్చాడు, మలేరియా మందుకి తగ్గడం లేదు. ఆమె గానీ, నైజీరియాలో ఇంకే డాక్టరు గానీ అంతకుముందు ఎబోలా రోగిని చూసినవాళ్లు కారు. అయినా ఆయన్ని విడిగా ఉంచారు, రక్తం నమూనా పంపించారు, అధికారులకు కబురు పెట్టారు.

సమావేశానికి వెళ్లాలి, డిశ్చార్జి చెయ్యమని లైబీరియా అధికారుల నుంచి ఒత్తిడి వచ్చింది. ఇష్టం లేని మనిషిని ఆసుపత్రిలో బంధించడం హక్కుల ఉల్లంఘన అన్నారు. ప్రజల మేలు ముందు అని ఆమె పంపడానికి ఒప్పుకోలేదు. జులై 25న సాయర్ అక్కడే చనిపోయాడు. ఆయనకు సేవ చేసిన సిబ్బందికి జబ్బు సోకింది. డాక్టర్ అడడెవోకి కూడా. ఆగస్టు 19న, 57 ఏళ్ల వయసులో, ఆమె పోయారు.

మొత్తం 20 మంది రోగుల్లో సగానికి పైగా ఆరోగ్య సిబ్బందే. డాక్టర్ పేరు ప్రపంచానికి తెలిసింది, తెలియాల్సిందే. ఆమెతోపాటు పోయినవాళ్లలో నర్సు ఉంది, వార్డు పనిమనిషి ఉంది. పక్కబట్టలు మార్చినవాళ్లు, నేల తుడిచినవాళ్లు. వాళ్లను తలుచుకోకుండా ఈ కథ చెప్పడం నాకు తప్పనిపిస్తుంది.

'కాంటాక్ట్' అంటే ఎవరు? ఇంటికొచ్చి ఏం చేసేవాళ్లు?

రోగికి లక్షణాలు ఉన్నప్పుడు ఆయన్ని తాకినవాళ్లు, ఆయన వాడిన బట్టలూ గిన్నెలూ ముట్టుకున్నవాళ్లు, ఒకే గదిలో దగ్గరగా మసిలినవాళ్లు. సాయర్ విషయంలో విమానాశ్రయంలోనూ ఆసుపత్రిలోనూ కలిపి మొదట 72 మంది తేలారు. వాళ్లలో జబ్బుపడిన ప్రతి ఒక్కరికీ మళ్లీ కొత్త జాబితా. చివరికి లెక్క 894కి చేరింది.

జాబితాలో పేరు ఎక్కినవాళ్లకి 21 రోజుల గడువు. రోజూ ఒక కార్యకర్త ఇంటికి వస్తుంది. కరచాలనం లేదు, లోపలికొచ్చి కూర్చోవడం లేదు. గుమ్మానికి ఇవతల, చేతికందనంత దూరంలో నిలబడుతుంది. నుదుటికి తగలకుండా పెట్టే థర్మామీటర్‌తో జ్వరం చూస్తుంది. తలనొప్పి ఉందా, వాంతులయ్యాయా, విరేచనాలా, గొంతు నొప్పా అని ఒక్కొక్కటే అడుగుతుంది. జవాబులు ఫోన్‌లో నొక్కుతుంది. నిజంగా ఆ ఇంటికి వెళ్లిందో లేదో ఫోన్‌లోని జీపీఎస్ నమోదు చేస్తుంది. ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్, అంటే మనం చెప్పుకునే లెక్కలో 100.4, దాటితే వెంటనే ఎబోలా పని చూసే కేంద్రానికి సమాచారం వెళ్తుంది. అంబులెన్స్ వస్తుంది, రక్తపరీక్ష జరుగుతుంది.

ఇలా ముఖాముఖి చేసిన సందర్శనలు సుమారు 18,500. ఒక్కసారి గుణించి చూడండి: 894 మంది, 21 రోజులు, మొత్తం 18,774. మధ్యలో జబ్బుపడి ఆసుపత్రికి వెళ్లినవాళ్లను తీసేస్తే ఇంకా తగ్గుతుంది. దాదాపు ఏ గుమ్మాన్నీ, ఏ రోజునీ వదల్లేదన్నమాట. ఫోన్ చేసి "బాగున్నారా" అని అడిగి టిక్కు పెట్టుకోవడం కాదు. ఈ పని చేసినవాళ్లు 150 మందికి పైగా.

ఇందులో కష్టం థర్మామీటర్ పట్టుకోవడంలో లేదు. ఇంటిముందు ఆరోగ్యశాఖ మనిషి రోజూ నిలబడితే వీధంతా చూస్తుంది. ఇంటి యజమాని ఖాళీ చెయ్యమంటాడని భయం, పనిలోంచి తీసేస్తారని భయం. అందుకే ఇంకో బృందం చుట్టుపక్కల ఇళ్లకు కూడా వెళ్లేది. కాంటాక్ట్ ఉన్న ఇంటి చుట్టూ కొంత దూరం గీసుకుని, ఆ పరిధిలోని గడపలన్నీ తిరిగి, జబ్బు ఎలా వస్తుందో, ఎలా రాదో చెప్పేవాళ్లు. ఇలా సుమారు 26,000 ఇళ్లు తిరిగారు. ట్రేసింగ్ గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండో బృందాన్ని మర్చిపోతుంటారు. పక్కింటివాళ్ల భయం తీరకపోతే కాంటాక్ట్ పారిపోతాడు. పారిపోతే ఏమవుతుందో పోర్ట్ హార్కోర్ట్ చూపించింది, దాని సంగతి కింద ఉంది.

అంత తొందరగా అంతమంది మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు?

పోలియో నుంచి. అప్పటికి ప్రపంచంలో పోలియో ఇంకా పోని మూడు దేశాల్లో నైజీరియా ఒకటి. దాన్ని తరిమేయడానికి 2012లో ఒక ఎమర్జెన్సీ ఆపరేషన్స్ సెంటర్ పెట్టుకున్నారు. ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, అందరూ ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ. ఎబోలా రాగానే అదే పద్ధతిలో లాగోస్‌లో ఇంకో కేంద్రం తెరిచారు. పోలియో కేంద్రంలో పనిచేసిన డాక్టర్ ఫైసల్ షుఐబ్‌ని దానికి ఇన్‌చార్జిగా పెట్టారు. పోలియో పని కోసం ఎపిడమాలజీలో, అంటే జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చూసే శాస్త్రంలో, శిక్షణ పొందిన 40 మంది వైద్యులను ఇటు మళ్లించారు.

మన పల్స్ పోలియో గుర్తు తెచ్చుకోండి. ఆదివారం బూత్‌లో చుక్కలు వేశాక, వదిలిపోయిన పిల్లలున్నారేమోనని సోమవారం నుంచి ఇంటింటికీ వచ్చి, పిల్లల చిటికెనవేలి సిరా గుర్తు చూసి, గోడమీద సుద్దముక్కతో రాసిపోయేవాళ్లు. ఏ సందులో ఎన్ని ఇళ్లున్నాయో, ఏ వాకిట్లో ఏ భాష మాట్లాడితే తలుపు తీస్తారో ఆ మనుషులకు తెలుసు. నైజీరియాలోనూ అలాంటివాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఉపద్రవం ముంచుకొచ్చాక ఇలాంటి వ్యవస్థను కొనుక్కోలేం. ముందే ఉండాలి.

ఉన్నదంతా సిద్ధంగా ఉందని కాదు. లాగోస్‌లో యాబా ప్రాంతంలోని ప్రభుత్వ అంటువ్యాధుల ఆసుపత్రిలో ఐసొలేషన్ వార్డు తయారుచేయడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఎబోలా వార్డులో పనిచేయడానికి మొదట్లో సిబ్బంది దొరకలేదు. భయపడినవాళ్లను తప్పుపట్టలేం. శిక్షణ ఇచ్చి, రక్షణ దుస్తులు ఎలా వేసుకోవాలో, అంతకంటే ముఖ్యంగా ఎలా విప్పాలో నేర్పించాకే జనం ముందుకొచ్చారు.

ఒక్కరు కూడా తప్పించుకోలేదా?

ఒకరు తప్పించుకున్నారు. ఆ ఒక్కరితోనే మొత్తం కథ తలకిందులయ్యేది.

విమానాశ్రయంలో సాయర్‌కి తోడుగా ఉన్నవాళ్లలో ఒక ఎకోవాస్ ఉద్యోగి, తనకు జ్వరం రాగానే లాగోస్‌లో ఉండకుండా చమురు నగరం పోర్ట్ హార్కోర్ట్‌కి వెళ్లిపోయాడు. ఆగస్టు మొదటి మూడు రోజులు అక్కడ ఒక హోటల్ గదిలో ఒక డాక్టర్ ఆయనకు గుట్టుగా వైద్యం చేశాడు. ఉద్యోగి కోలుకున్నాడు. ఆగస్టు 11న డాక్టర్‌కి జ్వరం మొదలైంది.

లక్షణాలు మొదలయ్యాక కూడా రెండు రోజులు ఆయన తన క్లినిక్‌లో రోగుల్ని చూశాడు. కనీసం ఇద్దరికి ఆపరేషన్ చేశాడు. ఇంట్లో బిడ్డ పుట్టిన సంబరానికి చుట్టాలూ స్నేహితులూ వచ్చారు. ఆసుపత్రిలో చేరాక చర్చి నుంచి వచ్చినవాళ్లు ఒంటిమీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఆగస్టు 22న చనిపోయేదాకా, తాను ఎవరికి వైద్యం చేశాడో ఆయన బయటపెట్టలేదు.

ఇక్కడ ఇంకోసారి అంకెలు చూడాలి. నైజీరియా మొత్తం మీద 894 మంది కాంటాక్టులైతే, అందులో 526 మంది ఈ ఒక్క పోర్ట్ హార్కోర్ట్ వాళ్లే. వాళ్లలో సుమారు 60 మంది బాగా దగ్గరగా మసిలినవాళ్లు. లాగోస్‌లో మంట అదుపులోకి వస్తోందనుకుంటున్న సమయంలో ఇది పడింది. లాగోస్ ఎమర్జెన్సీ కేంద్రం వెంటనే అక్కడ ఇంకో శాఖ తెరిచింది, బృందాలు దిగాయి, మళ్లీ మొదటి నుంచి గుమ్మం గుమ్మం తిరిగారు. డాక్టర్ భార్యకు, ఆయనతోపాటు అదే ఆసుపత్రిలో ఉన్న ఒక పెద్దావిడకు జబ్బు సోకింది. భార్య బతికింది. పెద్దావిడ బతకలేదు. అంతమందిలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మందికే పరిమితమైందంటే, జ్వరం తగిలిన రోజే మనుషుల్ని వేరు చేయగలిగారు కాబట్టే.

మందు లేదు కదా, బతికినవాళ్లు ఎలా బతికారు?

అప్పటికి ఆమోదం పొందిన మందూ లేదు, టీకా లేదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు, లవణాలు పోయి మనిషి కూలిపోకుండా నిలబెట్టడమే వైద్యం. సాయర్‌ని చూసిన డాక్టర్లలో ఒకరైన ఆడా ఇగోనో యాబా వార్డు నుంచి బతికి బయటపడ్డారు. తన అనుభవాన్ని ఆమె తర్వాత వివరంగా రాశారు. రోజుకు నాలుగైదు లీటర్ల ఓఆర్ఎస్ తాగేవారట. నోరంతా పుండు, గుటక వేస్తే వాంతి, అయినా తాగడం. మన ఊళ్లో అంగన్‌వాడీలో ఇచ్చే ఆ ఓఆర్ఎస్ ప్యాకెట్టే.

నైజీరియాలో రోగుల్లో చనిపోయింది 40 శాతం. ఎబోలా లెక్కల్లో ఇది తక్కువ. త్వరగా పట్టుకోవడం, త్వరగా నీళ్లు పట్టించడం అందుకు కారణాలని వైద్యులు భావించారు.

ఉప్పునీళ్ల పుకారు ఏమిటి?

ఆగస్టు 8 ప్రాంతంలో సెల్‌ఫోన్లలో ఒక మెసేజ్ తిరిగింది: తెల్లారేలోపు ఉప్పు కలిపిన వేడినీళ్లతో స్నానం చేసి, అవే తాగితే ఎబోలా రాదని. అర్ధరాత్రి చుట్టాలు చుట్టాలకు ఫోన్లు చేసి నిద్రలేపి మరీ చెప్పారు. ఉప్పునీళ్లు ఎక్కువగా తాగి కనీసం ఇద్దరు చనిపోయారు, ఇంకా కొందరు ఆసుపత్రుల పాలయ్యారు. ఎబోలా అడుగుపెట్టని ఊళ్లలో ఆ మెసేజ్ ప్రాణాలు తీసింది.

ఫార్వర్డ్ చేసినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. తల్లులు, అక్కలు, ప్రేమ ఉన్నవాళ్లు. అందుకే పుకారును తిట్టి ఊరుకుంటే సరిపోదు. సరైన మాట దానికంటే ముందు, తెలిసినవాళ్ల నోటి నుంచి చేరాలి. తర్వాత రేడియోలోనూ, సినిమా తారల ద్వారానూ, మసీదుల్లో, చర్చిల్లో పదే పదే చెప్పించారు.

విమానంలో సాయర్ పక్కన కూర్చున్నవాళ్లకు సోకలేదా?

సోకలేదు. ఎబోలా గాలిలో రాదనడానికి ఇదొక ఉదాహరణ. జబ్బు పడినవాళ్లు ఆయన్ని పట్టుకుని నడిపించినవాళ్లు, సేవ చేసినవాళ్లు, ఆ తర్వాత వాళ్లను అంటిపెట్టుకున్నవాళ్లు.

వ్యాధి పోయిందని ప్రకటించడానికి 42 రోజులు ఎందుకు ఆగుతారు?

21 రోజుల గడువుకి రెట్టింపు. చివరి రోగి నుంచి ముప్పు తొలగినప్పటి నుంచి 42 రోజులు ఒక్క కొత్త కేసు కూడా రాకపోతే, కంటికి కనపడని గొలుసు ఎక్కడా మిగల్లేదని నమ్మొచ్చు.

కోలుకున్న మగవాళ్ల వీర్యంలో మాత్రం వైరస్ నెలల తరబడి ఉండొచ్చు. దీనికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2014 నవంబర్ 10న లైబీరియా నుంచి ఢిల్లీ వచ్చిన ఒక భారతీయుడు అక్కడ ఎబోలా నుంచి కోలుకున్నట్టు సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. రక్తపరీక్షలో ఏమీ లేదు, వీర్యంలో ఆనవాళ్లు కనిపించాయి. ఆయన్ని విమానాశ్రయ ఆరోగ్య కేంద్రంలోనే విడిగా ఉంచారు. భారత్‌లో ఎవరికీ అంటలేదు.

ఇదే పద్ధతి కాంగోలో ఎందుకు అంత త్వరగా పనిచేయలేదు?

2018 ఆగస్టులో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం తూర్పున నార్త్ కీవూలో ఎబోలా బయటపడింది. అప్పటికి ఇంకా ఆమోదం రాకపోయినా టీకా చేతిలో ఉంది, అనుభవం ఉంది. అయినా 2020 జూన్ 25 దాకా సాగింది. 3,470 కేసులు, 2,287 మరణాలు. బేనీ, బుటెంబో చుట్టుపక్కల ఏళ్ల తరబడి సాయుధ ముఠాల మధ్య నలిగిన జనం. ఊచకోతలు జరిగినప్పుడు రాని ప్రభుత్వం, విదేశీయులు, ఎబోలా అనగానే బండ్లు వేసుకుని ఎందుకొచ్చారని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. చికిత్సా కేంద్రాల మీద దాడులు జరిగాయి. 2019 ఏప్రిల్‌లో బుటెంబో ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేస్తున్న కామెరూన్ ఎపిడమాలజిస్టు డాక్టర్ రిచర్డ్ మూజోకోని కాల్చి చంపారు.

కాంటాక్ట్ జాబితా అంటే జనం తమ నోటితో చెప్పిన పేర్లు. నమ్మకం లేనిచోట పేర్లు రావు. రోగి ఏ జాబితాలోనూ లేకుండా, నేరుగా శవమై తేలినప్పుడు వెనక్కి వెళ్లి ఎవరెవరికి అంటిందో వెతకడం చీకట్లో తడుముకోవడమే.

ఇప్పుడు టీకా, మందు ఉన్నాయా?

ఉన్నాయి. ఎర్వెబో టీకాకు 2019లో ఆమోదం వచ్చింది. 2020లో ఇన్మాజెబ్, ఎబాంగా అనే రెండు యాంటీబాడీ మందులకు అమెరికాలో అనుమతి దొరికింది. ఇవన్నీ జైర్ రకం ఎబోలాకే. లాగోస్‌కి వచ్చింది ఆ రకమే. సూడాన్ రకం వేరు, దానికి ఇవి పనిచేయవు. టీకాను కూడా ఊరందరికీ వేయరు. రోగి కాంటాక్టులకూ, ఆ కాంటాక్టుల కాంటాక్టులకూ చుట్టూ వలయంలా వేస్తారు. కాబట్టి టీకా వచ్చినా గుమ్మం గుమ్మం తిరిగి జాబితా రాసే పని తప్పలేదు.

ఆ అనుభవం నైజీరియాకు తర్వాత పనికొచ్చిందా?

పనికొచ్చింది. కాంటాక్టుల వివరాలను ఫోన్‌లోనే నమోదు చేసే సోర్మాస్ అనే సాఫ్ట్‌వేర్, ఆ ఎబోలా అనుభవంలోంచే జర్మనీ, నైజీరియా నిపుణులు కలిసి తయారుచేశారు. ఎలుకల నుంచి వచ్చే లాసా జ్వరానికీ, మంకీపాక్స్‌కీ అదే వాడారు. దేశ అంటువ్యాధుల నియంత్రణ కేంద్రం ఎన్‌సీడీసీకి 2018లో చట్టబద్ధత వచ్చింది. 2020 ఫిబ్రవరి 27న నైజీరియాలో మొదటి కోవిడ్ కేసు లాగోస్‌లోనే తేలింది. ఆ రోగిని ఉంచింది యాబాలోని అదే ఆసుపత్రిలో. అదే ఏడాది ఆగస్టులో ఆఫ్రికా నుంచి వైల్డ్ పోలియో పోయిందని ప్రకటించారు.

ఉద్యోగం మీద నైజీరియా వెళ్తున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ఆ పసుపు కార్డు తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలోనూ అడుగుతారు. మలేరియాకు దోమతెర, డాక్టర్ చెప్పిన మాత్రలు. ఎబోలా కంటే అక్కడ ఏటా కనిపించేది లాసా జ్వరం, ముఖ్యంగా డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఎలుకల మూత్రం, మలం తగిలిన తిండి ద్వారా వస్తుంది. బియ్యం, పప్పు, గారి లాంటివి మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెట్టుకోండి. గారి అంటే అక్కడివాళ్లు కర్రపెండలంతో చేసుకునే రవ్వ.

తిరిగొచ్చాక మూడు వారాల్లోపు జ్వరం వస్తే, డాక్టర్ దగ్గర కూర్చోగానే, ఆయన అడగకముందే, ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చారో చెప్పండి. అక్కడ ఎవరైనా జబ్బుమనిషి దగ్గర ఉన్నా, ఎవరి అంత్యక్రియలకైనా వెళ్లినా అది కూడా చెప్పండి.